ఎల్లన్న నాగా

నా భార్య అనసూర్య చనిపోయే ముందు ఎల్లన్న పేరు ఎత్తింది. నా పేరు ఎత్తలేదు.

దవాఖానలో మంచం పక్కన నేనున్నాను, ఆమె తమ్ముడు జైపాల్ ఉన్నాడు. కామెర్లు ముదిరి మనిషి పసుపుకొమ్ములా అయిపోయింది. కండ్లు మూసుకునే "ఎల్లన్నను ఎవరికిస్తరో" అన్నది. తర్వాత నీళ్లు అడిగింది. ఆ తర్వాత ఏమీ అడగలేదు. జైపాల్ కిటికీ వైపు తిరిగాడు. వాడు తిరిగాడంటే విన్నాడనే. కాబట్టి అది నా చెవుల తప్పు కాదు.

మా ఇంట్లో ఎల్లన్న లేడు. నా వైపు చుట్టాల్లో లేడు, ఆమె వైపూ లేడు. కానీ ఆ పేరు నాకు కొత్త కాదు. బట్టలు ఆరేసే చోట నిలబడి ఆమె ఫోన్లో మాట్లాడుతుంటే చాలాసార్లు విన్నాను. "ఎల్లన్నకు చెప్పులు యాడియి అక్కా, కాళ్లు పగిలి నెత్తురు కారుతయి" అనేది. "ఎల్లన్న ఆ దినం ఎందుకు రాలేదో నాకెర్కనే" అని నవ్వేది. నేను గడపలోకి వస్తే ఫోన్ కొంగులో దాచుకునేది. అడిగితే "సంఘం ముచ్చట" అనేది. నెలకో ఆదివారం లక్ష్మీనగర్ పోయేది. అది ఆడవాళ్ల పొదుపు సంఘం అనుకున్నాను. ఆదివారం నేనూ ఇంట్లో ఉండేవాణ్ణి కాదు. ప్లేడే డ్యూటీకి, అంటే సెలవు దినం పనికి పోతే రెండింతల జీతం. అది వదులుకుని ఇంట్లో కూర్చునేవాడు మా బ్యాచ్‌లో ఎవడూ లేడు. రిటైరయ్యాక ఇంట్లోనే ఉన్నాను. అప్పటికి అడిగే అలవాటు పోయింది.

బొగ్గు బాయిలో నాది టింబర్ పని. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం. ఆ పని మనిషికి ఒకటే నేర్పుతుంది. చప్పుడు చేసే కప్పుతో భయం లేదు, పారిపోవడానికి టైం ఇస్తుంది. ఊరుకున్న కప్పును నమ్మొద్దు. అనసూర్య ఊరుకునే మనిషి.

పెద్దకర్మ అయ్యాక ఆమె ఫోన్ తీసి చూశాను. ఎల్లన్న పేరుతో నంబర్ లేదు. ఉంటే ఒక బాధ. లేకపోవడం ఇంకా అనుమానం.

జైపాల్ నస్పూర్‌లో ఉంటాడు. ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతాడు. వాడి ఇంటికి పోయి వాకిట్లోనే అడిగాను.

"ఎల్లన్న ఎవడ్రా?"

"ఏ ఎల్లన్న బావా?"

"దవాఖానల మీ అక్క అన్నది. నువ్వు ఇన్నవు."

"జరంల మాటలకు అర్థం ఉంటదా? నీకు జరమొస్తే దుంగలు దుంగలు అని ఒర్లుతవు. దుంగలతోని సంసారం జేసినవా?"

"నవ్వకు. ఆ పేరుతోని నస్పూర్‌ల ఎవడన్న ఉన్నడా?"

"ఎందుకు లేరు, గల్లికి ఇద్దరున్నరు. మా గల్లిల ఒగడు చెవిటోడు, ఒగడు తాగుబోతు. ఏ ఎల్లన్నను కొడ్తవో చెప్పు, బండి తీస్త."

వాడు నవ్వులాటకే అన్నాడు. నేను బండి ఎక్కాను. చెవిటి ఎల్లన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పెండ్లాం ఎదురుగా నిలబడి తిడుతోంది. వినపడదు కాబట్టి సుఖంగా ఉన్నాడు. అనసూర్య ఫోన్లో మాట్లాడిన మనిషి చెవిటివాడు కాలేడు. తాగుబోతు ఎల్లన్న నన్ను యూనియన్ మనిషి అనుకున్నాడు. కౌగిలించుకుని "ఓటు నీకే అన్నా" అన్నాడు. వాడి కాళ్లు చూశాను. పగుళ్లు లేవు. కొత్త చెప్పులు.

"అయిందా బావా నీ విచారణ?" అన్నాడు జైపాల్, వాపసు వచ్చేటప్పుడు. "అక్క పోయింది. ఇగ ఇడిసిపెట్టు."

విడిచిపెట్టమన్నవాడికి ఎంతో కొంత తెలిసే ఉంటుందని నా లెక్క. వాణ్ణి కూడా ఒక కంట కనిపెట్టాలనుకున్నాను.

నేను వెతకడం ఆపకముందే వాళ్లే వచ్చారు.

ఒక పొద్దున గేటు చప్పుడైంది. తెల్ల అంగీ, చంకకు సంచి, పలచటి జుట్టు. ఆ మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. వెనక షహజాదీ బేగం ఉంది. ఆమె నాకు తెలుసు. లక్ష్మీనగర్‌లో కుట్టు దుకాణం. అనసూర్య ఆమె దగ్గర జాకెట్లకు హుక్కులు కుట్టేది.

"నమస్తే రాజం గారు. నా పేరు వేణుమాధవ్. డిగ్రీ కాలేజీల చరిత్ర చెప్పి రిటైరైన. అనసూర్య గారు మా సంఘంల సభ్యురాలు" అన్నాడు.

గారు అన్నాడు. బతికుండగా నా భార్యను గారు అన్నవాళ్లను నేను చూడలేదు. కూర్చోమనలేదు. వాళ్లు వాకిట్లోనే నిలబడ్డారు.

"అన్నా, ఎల్లన్న సంగతి మాట్లాడుదామని వచ్చినం" అన్నది బేగం.

నా చేతిలో చెంబు ఉంది. కింద పెట్టాను. చేతులు ఖాళీగా ఉంటే మంచిదనిపించింది.

"యాడున్నడు వాడు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"యాడుంటడు? ఇన్నేండ్లు మీ ఇంట్లనే ఉండె కద" అన్నది బేగం.

"నా ఇంట్లనా?"

"అనసూర్యనే సాదింది. తిండి, బట్ట, పండుకునే జాగ, అన్నీ ఆమెనే అరుసుకున్నది."

"నేను ఉండంగనా?"

"నువ్వుంటే ఏంది, లేకుంటే ఏంది? అండ్ల దాసేది ఏమున్నది?"

అంత మామూలుగా అన్నది. సిగ్గు లేదు. నేను వేణుమాధవ్ వైపు తిరిగాను. మగవాడు కాబట్టి వాడికైనా తల వంగుతుందనుకున్నాను. వంగలేదు.

"వయసెంత వానికి?" అన్నాను. కొట్టాల్సి వస్తే అది తెలిసి ఉండాలి.

"ముప్పై, ముప్పై అయిదు ఉంటదని అనుకుంటున్నం."

"అనుకుంటున్నరా? మీరు చూడలేదా?"

"ఎట్ల చూస్తం రాజం గారు? ఆయన పోయి రెండువందల ఏండ్లు దాటింది కద."

బేగం నా మొహం చూసింది. ఆమెకు అప్పుడు అర్థమైంది. "తోబా తోబా! అన్నా, నువ్వు ఏమనుకున్నవు?" అని చెంపలు వేసుకుంది. తర్వాత నవ్వింది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఏడ్చింది. ఆ రెండూ నాకు నచ్చలేదు.

వేణుమాధవ్ నిదానంగా చెప్పాడు. వాళ్లది పద్దెనిమిదో శతాబ్ది అధ్యయన సంఘం. ఈ ఇలాకాలో బొగ్గు దొరకకముందు, రైలు రాకముందు, మనుషులు ఎట్ల బతికారో చదువుకునే సంఘం. రాజుల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారట. అందుకని వీళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒక్కో సభ్యుడు ఆ కాలపు మామూలు మనిషిని ఒకణ్ణి తీసుకోవాలి. పాత కాగితంలోనో రాతి మీదనో పేరు మాత్రం మిగిలిన మనిషిని. వాడు ఏం తిన్నాడు, ఏం కట్టాడు, ఎట్ల నడిచాడు, నెలనెలా చదివి, వెతికి, ఆలోచించి సంఘంలో చెప్పాలి. దాన్ని వాళ్లు సాదుకోవడం అంటారు. అనసూర్య సాదుకున్న మనిషి ఎల్లన్న.

"సభ్యులు పోతే, వాళ్ల మనిషిని ఎవరికియ్యాల్నో ఇంటోళ్లు చెప్పాలె. ఇంటోళ్లు ఎవరికీ ఇయ్యం అంటే ఆ మనిషి ముచ్చట సంఘంల ఇగ ఎవరూ ఎత్తరు. అది మా కట్టుబాటు. నేను ఎల్లన్నను తీసుకుందామనుకుంటున్న, మీరు ఒప్పుకుంటే" అన్నాడు.

"నేను గూడ అడుగుతున్న అన్నా" అన్నది బేగం, కండ్లు తుడుచుకుంటూ.

నేను నమ్మలేదు. డ్యూటీ ఎగ్గొట్టేవాళ్లు చెప్పే కథలు బాయి దగ్గర చాలా విన్నాను. సెలవు కోసం ఒకే తాతను నాలుగుసార్లు చంపినవాడు ఉన్నాడు. బతికున్నవాణ్ణి దాచడానికి రెండు వందల ఏండ్ల కిందట చంపినవాళ్లను మాత్రం ఇప్పుడే చూశాను. లేని మనిషి కోసం ఇద్దరు పెద్దమనుషులు పొద్దున్నే నా వాకిట్లోకి వచ్చి నాకు కావాలంటే నాకు కావాలంటారా? అందులో ఏదో ఉంది. అన్నిటికన్నా ఆ గారు నాకు గుచ్చుకుంది.

"మీ మీటింగ్ ఎప్పుడు?" అన్నాను.

"వచ్చే ఆదివారం."

"వస్త. ఆన్నే చెప్త."

అనసూర్య చివరి మాట ఎవరి మీద పోయిందో అక్కడ తేల్చుకుందామని పోయాను. ఆ వేణుమాధవ్ ఆమె పేరు ఎట్ల పలుకుతాడో, మిగతావాళ్లు అప్పుడు ఎటు చూస్తారో గమనించాలి. మనుషులు నోటితో అబద్ధం చెబుతారు, కండ్లతో చెప్పలేరు.

బేగం దుకాణం పైన గది. కింద మిషన్ల చప్పుడు. మెట్ల మీద చెప్పులు విడిచి లోపలికి పోయాను. చాపల మీద పది మంది దాకా కూర్చున్నారు. గోడకు ఖిల్లాల ఫొటోలు. ఉక్కపోత.

"జెర ఫ్యాన్ వెయ్యుండ్రి" అన్నాను.

అందరూ ఒక్కసారి నవ్వారు. ఒకతను, బ్యాంకులో పనిచేస్తాడట, చప్పట్లు కొట్టాడు. "కాకా, ఫ్యాన్ ఇంక పుట్టలే! పద్దెనిమిది వందల తర్వాతి ముచ్చట లోపల ఎత్తొద్దు. ఎత్తినోళ్లు అందరికీ చాయ్ పొయ్యాలె."

"చాయ్ పుట్టిందా మరి?" అన్నాను.

గది మళ్లీ నవ్వింది. ఈసారి నవ్వింది ఆ బ్యాంకు మనిషిని చూసి. మూలన కూర్చున్న తెల్లగడ్డం పెద్దమనిషి చెయ్యెత్తాడు. "చాయ్ ఒక్కటి మాఫీ భాయ్. అది లేకుంటే సంఘమే ఉండదు." ఆయన పేరు అలీముద్దీన్. ఫారసీ చదవడం వచ్చు. సంఘానికి పెద్ద.

ఫ్యాన్ వేశారు. నేను తలుపు పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను. అక్కడి నుంచి అందరి మొహాలూ కనపడతాయి.

ముందు అలీముద్దీన్ తన మనిషి గురించి మాట్లాడాడు. ఏనుగులకు గడ్డి కోసేవాడట. కొడవలి ఏ పాటిది ఉండేదో చెప్పాడు. బేగం మనిషి బట్టలకు నీలి అద్దే ఆడది. ఆమె గోళ్లు చచ్చేదాకా నీలంగానే ఉండేవని చెప్పింది. వాళ్ల మాటల్లో ఒక పద్ధతి గమనించాను. ఆధారం ఉన్న మాటకు ఆధారం చెబుతారు. లేని మాటకు ముందు "అనుకుంటున్న" అనాలి. అనకుండా మొదలుపెడితే పక్కవాళ్లు ఆపుతారు. అబద్ధాలు చెప్పుకోవడానికి ఇంత మర్యాద ఎక్కడా చూడలేదు.

తర్వాత ఎల్లన్న వంతు వచ్చింది. అందరూ నా వైపు చూశారు.

"ఆ పేరు యాడిది? అది చెప్పుండ్రి ముందు" అన్నాను.

అలీముద్దీన్ చెప్పాడు. రామగిరి ఖిల్లా మీదికి నీళ్లు మోసేవాళ్ల హాజరు ఉన్న ఒక ఫారసీ కాగితం ముక్క ఆయనకు దొరికింది. అందులో ఒక లైను చదివాడు. ఎల్లన్న, నీళ్ల మనిషి, ఒక దినం నాగా.

"నాగా అనే ఉన్నదా?"

"నాగా అనే ఉన్నది భాయ్. మీ బాయిల అనే మాటనే."

మా బాయిలో డ్యూటీకి రాకపోతే నాగా. ఎక్కువైతే చార్జిషీటు. చేరిన కాడి నుంచి రిటైరయ్యేదాకా నేను నాగా పెట్టలేదు. ఈ మాట నేను చెప్పుకునేది కాదు. మా పని చూసే సర్దార్ పదిమంది ముందు చెప్పేవాడు.

"అప్పుడు అనసూర్య చాయ్ ఇస్తుండె" అన్నది బేగం. "ఇంక సభ్యురాలు కూడ కాదు. అలీ సాబ్ ఆ లైను చదవంగనే గిలాసలు కింద పెట్టింది. 'ఈయన నాగా పెట్టిండా? నాకియ్యుండ్రి ఈయనను' అన్నది. ఆ దినం నుంచి ఈడ కూసున్నది."

"మరి ఏం చెప్పింది?"

వేణుమాధవ్ గొంతు సవరించుకున్నాడు. బేగం చెయ్యి అడ్డం పెట్టింది. "నేను చెప్త సార్. ఆమె నాకు ఎక్కువ చెప్పింది."

ఆమె చెప్పింది. చెప్పినంతసేపూ "అనసూర్య అనుకున్నది" అని ముందు పెట్టుకుంటూనే చెప్పింది. ఎల్లన్న తెల్లారకముందే లేస్తాడు. కావడికి రెండు కుండలు. కుడి భుజం మీద కావడి ఒరుసుకుని కాయ కట్టింది. ఖిల్లా మెట్లు ఎక్కి దిగి, ఎక్కి దిగి, పొద్దూకినాక ఇంటికొస్తాడు. వస్తే మాట్లాడడు. గోడ వైపు తిరిగి అన్నం తింటాడు. కూరలో ఉప్పు లేకపోయినా చెప్పడు, ఉన్నా చెప్పడు. పండుకుంటే నిద్రలో భుజం ఎగరేస్తాడు, బరువు సర్దుకుంటున్నట్టు. పెండ్లానికి అతని కాళ్ల చప్పుడు తెలుసు. ఆ చప్పుడును బట్టే ఆనాడు ఎట్ల గడిచిందో తెలుసుకుంటుంది. అతన్ని అడిగితే చెప్పడు కాబట్టి.

నా కుడి భుజం మీద దుంగలు మోసిన కాయ ఉంది. ఇద్దరు ముగ్గురు నా భుజం వైపు చూశారు. అంగీ ఉంది కాబట్టి సరిపోయింది.

నేను గోడ వైపు తిరిగి తినేది నిజమే. ఎందుకు తింటానో ఆమె ఎప్పుడూ అడగలేదు. వెలుతురు కండ్లలో పడుతుంది. అంతే. రోజంతా చీకట్లో ఉన్నవాడికి బల్బు ఎదురుగా ఉంటే సరిపడదు. అడిగితే చెప్పేవాణ్ణి.

"నాగా ఎందుకు పెట్టిండంట?" అన్నాను.

వాళ్లందరికీ ఆ ముచ్చట తెలుసు. నాకు ఒక్కడికే తెలియదు.

"ఎల్లన్న పెండ్లానికి జరం వచ్చింది అన్నా" అన్నది బేగం. "రాత్రంత ఒళ్లు కాలింది. పొద్దుగాల ఎల్లన్న కావడి ఎత్తిండు. గడప దాక పోయిండు. పోయి, వాపసు వచ్చిండు. కావడి గోడకు పెట్టిండు. ఆమె పక్కన కూసున్నడు. ఏం మాట్లాడలేదు. మందు తేలేదు, వైద్యుణ్ని పిలవలేదు. ఊకె కూసున్నడు. పొద్దూకే దాక కూసున్నడు. అని అనసూర్య అనుకున్నది."

బ్యాంకు మనిషి ముక్కు చీదాడు. నేను ఎవరి కండ్లు చూడటానికి వచ్చానో వాళ్లంతా నా కండ్లు చూస్తున్నారు.

నాకు అంతా అర్థమైంది. ఎల్లన్న అనే మగవాడు లేడు. ఉంటే బాగుండేది. ఉంటే కొట్టి వచ్చేవాణ్ణి. ఆమె ఇన్నేండ్లు నన్ను ఈ గదిలోకి తెచ్చింది. నా భుజం, నా నడక, నా తిండి అన్నీ ఒక నీళ్లవాడికి తొడిగింది. తొడిగి, వాణ్ణి ఒక్క దినం ఇంట్లో కూర్చోబెట్టుకుంది. నన్ను ఒక్కసారి అడగలేదు. వీళ్లకు మాత్రం నెలనెలా చెప్పింది. చావుమంచం మీద కూడా వాడి ఫికరే చేసింది. మేము పస్తు లేకుండా తిన్నది నేను నాగా పెట్టకపోబట్టి. ఆ లెక్క ఈ గదిలో ఎవరూ చెప్పలేదు.

వేణుమాధవ్ అందుకున్నాడు. "రాజం గారు, నా ఆలోచన వేరు. నేను అనుకుంటున్న, అది ఒక్క ఎల్లన్న నాగా కాదు. నీళ్లు మోసేటోళ్లు అందరు కలిసి ఆ దినం పని ఆపి ఉంటరు. సమ్మె. దాని మీద నేను ఒక వ్యాసం రాస్తున్న. అందుకే ఎల్లన్నను అడుగుతున్న. అనసూర్య గారి పేరు కూడ పెడ్త."

"కాగితంల మిగతా పేర్లు లేవు కద సార్" అన్నాడు అలీముద్దీన్.

"కాగితం చినిగి ఉన్నది కద సాబ్."

"నాకు వ్యాసం రాదు" అన్నది బేగం. "ఆమె ఎట్ల చెప్పిందో గట్లనే ఉంచుత. నెలకోసారి ఎల్లన్నను ఆ మంచం పక్కన కూసోబెడ్త. గంతే అన్నా."

ఇద్దరూ నా మాట కోసం చూశారు. ఒకడు నా భార్య మనిషిని వ్యాసంలో అమ్ముకుంటాడు. ఒకామె ఆ మంచం పక్కన కూర్చోబెట్టి, ప్రతి నెలా నన్ను పదిమందిలో నిలబెడుతుంది. నేను లేచాను.

"ఎల్లన్న నాగా పెట్టలేదు" అన్నాను.

"పెట్టిండని రాసి ఉన్నది" అన్నాడు వేణుమాధవ్.

"రాసుంటది. రాసినోడు తప్పు రాసిండు. చూడక రాసిండో, పగతోని రాసిండో. ఎల్లన్న ఆ దినం పనికి వచ్చిండు."

"'అనుకుంటున్న' అనాలె భాయ్" అన్నాడు అలీముద్దీన్, మెత్తగా.

"నేను అనుకుంటలేను. వచ్చిండు. కావడి ఎత్తిండు, ఖిల్లా ఎక్కిండు, దిగిండు. అసొంటోడు ఇంట్ల కూసోడు."

బేగం లేచి నా ఎదురుగా వచ్చింది. పొట్టి మనిషి. తలెత్తి చూడాల్సి వచ్చింది ఆమెకు.

"ఒక్క దినం అన్నా. ఆమె ఉన్నన్ని ఏండ్లల్ల ఒక్క దినం ఇచ్చుకున్నది. అది గూడ గుంజుకుంటవా?"

"అబద్ధపు దినం ఇచ్చుకుంటే ఏమొస్తది?"

"సరే" అన్నది. గొంతు మారింది. "వచ్చిండు. ఖిల్లా ఎక్కిండు. నువ్వు అన్నట్టే కానియ్. మరి ఆ దినం ఇంట్ల ఆమె ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఇంటికొచ్చేసరికి లేచే ఉన్నది. వంట జేసింది."

"జరం తగ్గిందా?"

"తగ్గకుంటే చెప్పదా?"

"చెప్పిందా?"

నేను "అనుకుంటున్న" అనలేదని ఈసారి ఎవరూ గుర్తు చేయలేదు. కింద మిషన్లు ఆగాయి. భోజనాల వేళ కావచ్చు. బేగం అక్కడే నిలబడింది, జవాబు తీసుకుని పోవడానికి వచ్చినట్టు.

జవాబు నాకు తెలియదు. తెలియకపోవడం నా తప్పేనని ఆ గదిలో ప్రతి మొహం మీదా ఉంది. నేను ఒప్పుకోను. చెప్పదలుచుకున్న మనిషికి మా మంచం లక్ష్మీనగర్ కన్నా దగ్గర.

"ఎల్లన్నను ఎవరికీ ఇయ్య" అన్నాను.

"నువ్వు సాదుకుంటవా భాయ్?" అన్నాడు అలీముద్దీన్.

"సాదుకోను. ఇయ్య."

వేణుమాధవ్ ఏదో అనబోయాడు. అలీముద్దీన్ తల అడ్డంగా ఊపాడు. "ఇంటోళ్ల మాట. అయిపోయింది. ఎల్లన్న ముచ్చట ఇగ ఈ గదిల ఎవరూ ఎత్తొద్దు" అన్నాడు. బేగం చాప మీద కూలబడింది. దవాఖాన నుంచి అనసూర్యను తెచ్చిన రోజు కూడా ఆమె అంత ఏడవలేదు. నేను చెప్పులు వేసుకుని మెట్లు దిగాను.

ఇంటికి వచ్చి వండుకున్నాను. గోడ వైపు తిరగకుండా తినడానికి చూశాను. వెలుతురు కండ్లలో పడింది. మళ్లీ తిరిగాను.

గిన్నెలు కడిగి జైపాల్‌కు ఫోన్ చేశాను.

"నేను డ్యూటీల ఉండంగ మీ అక్కకు ఎన్నడన్న జరం వచ్చిందా?"

"ఏ జరం బావా?"

"ఏ జరమైతేంది. వచ్చిందా, లేదా?"

"అదే అడుగుతున్న. మస్తుసార్లు వచ్చింది. ఏ జరం గురించి అడుగుతున్నవు?"

వాడి డంపర్ ఇంజను చప్పుడు వినపడుతోంది.

"నీకెట్ల ఎరుక?"

"ఫోన్ జేసేది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం జేస్తుంటివి బావా?" అన్నాడు. వెక్కిరింత లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. బేగం కూడా అట్లాగే అడిగింది. అందరూ కూడబలుక్కున్నారని నా అనుమానం.

ఫోన్ పెట్టేశాను. ఆనాటి నుంచి జైపాల్‌తో మాటలు లేవు. వాడు రెండుసార్లు వచ్చి గేటు కొట్టి పోయాడు. తీయలేదు. తెలిసీ చెప్పనివాడు, తెలియక అడిగేవాడి దగ్గరికి దేనికి వస్తాడు?

ఈ ఆదివారం మళ్లీ సంఘం ఉంది. ఎల్లన్న ముచ్చట ఇక ఎత్తబోమని అందరి ముందు ఒప్పుకున్నారు. చదువుకున్నవాళ్ల మాట మీద నాకు నమ్మకం లేదు. ఏడ్చే ఆడవాళ్ల మాట మీద అసలే లేదు. నేను లేని చోట బేగం వాణ్ణి మళ్లీ ఆ మంచం పక్కన కూర్చోబెట్టదని ఎవరు చెప్పాలి? పోయి, తలుపు పక్కన కూర్చుని, ఆఖరి దాకా వినాలి.

ఆ దినం ఇంట్లో ఆమె ఎట్లున్నదని బేగం మళ్లీ అడిగితే ఏం చెప్పాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు.